గోల్కొండ హమీద్, బొంబాయి అజిత్

1922 జనవరి 27న గోల్కొండలో ఒక పఠాన్ కుటుంబంలో పుట్టిన పిల్లవాడికి హమీద్ అలీఖాన్ అని పేరు పెట్టారు. తండ్రి బషీర్ అలీఖాన్ నిజాం సైన్యంలో పనిచేసేవాడు. తల్లి సుల్తాన్ జహాన్ బేగం. కుటుంబం వేళ్లు ఎక్కడో షాజహాన్‌పూర్‌లో ఉన్నా పిల్లవాడు పెరిగింది మన దక్కన్ నేల మీదే, చదివింది హనుమకొండలో. ఆ పిల్లవాడే తర్వాత హిందీ సినిమాలో అజిత్ అయ్యాడు. తమిళ హీరో అజిత్ కాదు. ‘జంజీర్’లో తేజా, ‘కాళీచరణ్’లో లయన్. తెల్లసూటు వేసుకుని, గొంతు పెంచకుండానే మనుషుల్ని చంపించే ఆ విలన్ మన గోల్కొండవాడని పాతబస్తీ ముసలివాళ్లకు తెలుసు. తెలుగు పాఠకుల్లో చాలామందికి తెలియదు. తెలియకపోవడానికి కారణం ఆయన పేరే.

కాలేజీ పుస్తకాలు అమ్ముకుని, ఆ డబ్బుతో బొంబాయి పారిపోయాడని ఆయన గురించి రాసినవాళ్లంతా చెబుతారు. తలదాచుకోను చోటులేక సిమెంటు గొట్టాల్లో పడుకున్నాడనీ అంటారు. 1946లో ‘షాహె మిస్ర్’తో సినిమాల్లోకి వచ్చాడు. ‘హాతింతాయ్’ వంటివి మరికొన్ని చేశాడు. అవేవీ నిలబడలేదు. 1950లో ‘బేకసూర్’ తీస్తున్న దర్శకుడు కె. అమర్‌నాథ్, హమీద్ అలీఖాన్ అనే పేరు మరీ పొడుగ్గా ఉంది, పొట్టిది పెట్టుకో అన్నాడు. హమీద్ కాస్తా అజిత్ అయ్యాడు. అజిత్ అంటే జయింపరానివాడు. సినిమా ఆడింది. పేరు నిలిచిపోయింది.

పొడుగు పేరు అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. పొడుగ్గా ఉంటే అలీఖాన్‌ని కత్తిరించి హమీద్ అని ఉంచవచ్చు. ఉర్దూలో రాస్తే హమీద్‌కు నాలుగక్షరాలు. అజిత్‌కూ నాలుగే. పోస్టరు మీద రెండూ ఒకే చోటు తీసుకుంటాయి. కాబట్టి కత్తిరించింది పొడుగును కాదు. ఆ సినిమాలో కథానాయిక మధుబాల. ఆమె అసలు పేరు ముంతాజ్ జహాన్. హమీద్, ముంతాజ్ ప్రేమించుకుంటే జనం టిక్కెట్టు కొంటారో లేదోనని వ్యాపారానికి అనుమానం. అజిత్, మధుబాల ప్రేమించుకుంటే ఆ అనుమానం లేదు. అంతకు ముందే 1944లో యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. మహజబీన్ మీనా కుమారి అయింది.

పేర్లు అందరూ మార్చుకున్నారు కదా అని లౌకిక మిత్రులు అడుగుతారు. నిజమే. కుల్‌భూషణ్ పండిట్ రాజ్ కుమార్ అయ్యాడు. హరిహర్ జరీవాలా సంజీవ్ కుమార్ అయ్యాడు. జతిన్ ఖన్నా రాజేశ్ ఖన్నా అయ్యాడు. అయితే వాళ్లలో ఎవరూ మార్కెట్టు కోసం హమీద్ కాలేదు, యూసుఫ్ కాలేదు. దారి అందరికీ ఉంది గానీ అది ఒకవైపుకే పోయే దారి. ఇంకో సంగతి కూడా చూడాలి. అదే కాలంలో నౌషాద్ నౌషాద్‌గానే ఉన్నాడు, రఫీ రఫీగానే పాడాడు, సాహిర్, మజ్రూహ్ తమ పేర్లతోనే రాశారు. అంటే గొంతుకు ముస్లిం పేరు ఉండొచ్చు, కలానికి ఉండొచ్చు, బాణీకి ఉండొచ్చు. జనం ప్రేమించాల్సిన ముఖానికి మాత్రం ఉండకూడదు.

ఇదేమీ తలరాత కాదు. 1955లో తెలుగు ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకు ఆడిన అమ్మాయి వహీదా రెహమాన్. ఆ మరుసటి ఏడు ‘సి.ఐ.డి.’ కోసం బొంబాయి పోతే ఆమెనూ పేరు మార్చుకోమన్నారు. ఇరవై ఏళ్లయినా నిండని ఆ పిల్ల, అమ్మానాన్నా పెట్టిన పేరు మార్చుకోనని తెగేసి చెప్పింది. ఆ పేరుతోనే గెలిచింది. సురయ్యా, రెహమాన్ కూడా తమ పేర్లతోనే తెరకెక్కారు. ప్రేక్షకులు ముస్లిం పేరుని ఒప్పుకోరన్నది వ్యాపారి భయమే తప్ప ప్రేక్షకుడి మాట కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. హమీద్ ఆ పందెం కాయలేదు. దానికి ఆయన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. నాలుగేళ్లుగా సినిమాలు పోతున్నవాడు, కడుపు చేతబట్టుకుని ఊరుగాని ఊరికి పోయినవాడు.

ఆ రోజులు ఎలాంటివో కూడా గుర్తుచేసుకోవాలి. 1947లో దేశం రెండు ముక్కలైంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం సైన్యం లొంగిపోయింది. హమీద్ తండ్రి కొలువు చేసింది ఆ సైన్యంలోనే. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన హత్యాకాండలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. దాన్నిబట్టే హమీద్ అజిత్ అయ్యాడని నేననను. అయితే ఆ ఏళ్లలో పేరు అన్నది పిలుచుకోను మాత్రమే కాదు. గల్లీ మలుపులో ఆపి పేరేంటని అడిగితే చెప్పే జవాబు మీద ప్రాణం ఆధారపడిన ఏళ్లవి. ఆ నేల మీది మనిషి 1950లో పేరు మార్చుకున్నాడంటే, అది ఒక సినిమా కబురుగా చదివి పేజీ తిప్పేసే విషయం కాదు.

పేరు మారాక ఆయన వేసిన వేషాలు చూడండి. 1954లో ‘నాస్తిక్’. విభజన అల్లర్లలో తల్లిదండ్రులను పోగొట్టుకుని, దేవుడి మీద నమ్మకం పోయిన అనిల్ అనే హిందూ కాందిశీకుడు. ఆ మంట ఇరువైపులా ఎట్లా కాలిందో తెలిసిన హైదరాబాదీ ముస్లిం ఆ హిందువు దుఃఖాన్ని తన దుఃఖంగా చూపించాడు. 1957లో ‘నయా దౌర్’. శంకర్, కృష్ణ అనే ఇద్దరు ప్రాణస్నేహితులు. శంకర్ యూసుఫ్ ఖాన్, కృష్ణ హమీద్ అలీఖాన్. 1960లో ‘మొఘల్-ఎ-ఆజమ్’. సలీంకి మాటిచ్చి, ఆ మాట కోసం ప్రాణం ఇచ్చే రాజపుత్రుడు దుర్జన్ సింగ్‌గా హమీద్. అక్బర్ పాదుషాగా పృథ్వీరాజ్ కపూర్. ఇంతకంటే అందమైన సంగతి ఏముంటుంది? నటుడికి మతం అడ్డుకాకూడదు. ముస్లిం వేషం ముస్లిమే వెయ్యాలనేవాళ్లతో నాకు పేచీ ఉంది. కరీంనగర్‌లో పుట్టిన మన పైడి జైరాజ్ 1959లో టిపు సుల్తాన్ వేషం కట్టాడు. కట్టనివ్వండి, సంతోషమే. పేచీ ఒక్కటే. జైరాజ్ టిపు అయినప్పుడు పోస్టరు మీద జైరాజ్‌గానే ఉన్నాడు. హమీద్ కృష్ణుడైనా దుర్జన్ సింగ్ అయినా పోస్టరు మీద హమీద్ లేడు.

హీరోగా పట్టు తగ్గాక 1966లో ‘సూరజ్’తో విలన్ అయ్యాడు. 1973 ఆయనకు కలిసొచ్చిన సంవత్సరం. ‘జంజీర్’లో తేజా, ‘యాదోఁ కీ బారాత్’లో శాకాల్. ఈ రెంటికీ కథ రాసింది సలీం-జావేద్. తర్వాత 1976లో ‘కాళీచరణ్’. ‘జంజీర్’ని ఒక్కసారి మన కళ్లతో చూడాలి. అందులో ఒక పఠాన్ ఉన్నాడు, షేర్‌ఖాన్. ఎర్రటి గడ్డం, మాట మీద నిలబడే గుణం, స్నేహం కోసం ప్రాణమిచ్చే తెగువ. ఆ పఠాన్‌గా నటించింది ప్రాణ్ కిషన్ సికంద్ అనే పంజాబీ హిందువు. అదే సినిమాలో నిజంగా పఠాన్ అయిన హమీద్ అలీఖాన్ వేసింది సేఠ్ ధరమ్ దయాళ్ తేజా. ‘కాళీచరణ్’లో లయన్ అసలు పేరు దీన్ దయాళ్. అసలు పఠాన్ కోటు వేసుకుని సేఠ్ అవుతాడు. వేషం పఠాన్ గడ్డం పెట్టుకుని మనందరికీ ప్రేమపాత్రుడవుతాడు. తెలుగులో ‘జంజీర్’ 1974లో ‘నిప్పులాంటి మనిషి’ అయింది. ఎన్టీఆర్ పక్కన షేర్‌ఖాన్‌గా కైకాల సత్యనారాయణ. తెలుగు ప్రేక్షకుల మనసులో ‘మంచి సాయిబు’ బొమ్మ ఆ వేషంతో గట్టిగా కుదురుకుంది. మంచివాడే. కాకపోతే ఎప్పుడూ ఇంకొకరి కథలో స్నేహితుడు.

భాష సంగతి కూడా ఇలాగే నడిచింది. 1965లో ‘గుమ్‌నామ్’లో మెహమూద్ హైదరాబాదీ దక్కనీ యాసలో మాట్లాడే వంటవాడిగా దేశమంతటినీ నవ్వించాడు. మెహమూద్ బొంబాయి మనిషి. ఆ తర్వాత హిందీ సినిమాకు మన యాస అంటే నవ్వులాట సరుకైంది. గోల్కొండలో పుట్టిన హమీద్ మాత్రం తెర మీద ఆ యాస జోలికి పోలేదు. ఇంగ్లీషు మాటలు కలిపిన, సాగదీసిన, తాపీ హిందీ ఒకటి తనకోసం తయారుచేసుకున్నాడు. మన నాలుక నవ్వులపాలైన చోట, ఆ నాలుక మీద పెరిగినవాడు దాన్ని ఇంట్లో దాచి పోయాడు. చివరికి ఆయన కట్టిన కొత్త గొంతు మీద కూడా జోకులు పుట్టాయి. మోనా, రాబర్ట్ పేర్లతో దేశమంతా తిరిగిన అజిత్ జోకులు చెప్పనివాడు తొంభైల్లో లేడు. ‘లయన్’ అన్న మాటను ఆయన పలికిన తీరు ఇప్పటికీ మిమిక్రీవాళ్లకు కూడు పెడుతోంది.

విలన్‌గా ఆయన ఏ మతానికీ చెందినవాడు కాదు. దొంగ బంగారం, దొంగ మందులు, పైకి పెద్దమనిషి. డెబ్బైల ప్రేక్షకుడికి విలన్ అంటే డబ్బున్న దొంగ. 1992లో ‘రోజా’ వచ్చింది. ఆ డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. ఆ తర్వాతి రోజుల్లో విలన్‌కి పేరూ మతమూ వచ్చాయి. టోపీ, గడ్డం, నమాజు వచ్చాయి. 1999లో ‘సర్ఫరోష్’ వచ్చేసరికి గజళ్లు పాడే సున్నితమైన మనిషి కూడా అనుమానించాల్సినవాడయ్యాడు. 2002లో తెలుగు ‘ఖడ్గం’లో ప్రకాశ్‌రాజ్ వేసిన ఆటోడ్రైవర్ అమ్జద్ మంచి ముస్లిం. అయితే తమ్ముడు తీవ్రవాది కాబట్టి దేశభక్తి రుజువు చేసుకోవలసిన భారం అతని నెత్తిన పడింది. యాభైల్లో ముస్లిం పేరు హీరోకి పనికిరాలేదు. తొంభైలు దాటాక అది విలన్‌కి బాగా పనికొచ్చింది. ఈ రెండు వాక్యాల మధ్య మన యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

అంతా చీకటే అంటే అబద్ధమవుతుంది. తొంభైల నుంచి హిందీలో ముగ్గురు ఖాన్‌లు తమ పేర్లతోనే ఏలారు. తెలుగులో రాజమండ్రి అలీ అలీగానే ఉండి 1994లో ‘యమలీల’తో హీరో అయ్యాడు. తర్వాత ‘ది అంగ్రేజ్’ వచ్చి, చార్మినార్ నీడలో చాయ్ తాగే కుర్రాళ్లను వాళ్ల సొంత దక్కనీలో మాట్లాడించింది. పాతబస్తీ మొదటిసారి తన మీద తానే నవ్వుకుంది. అందులో ఇస్మాయిల్ భాయ్‌ని పాతబస్తీ నెత్తిన పెట్టుకుంది. ఆ వేషం వేసింది ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. అతని పేరేంటని పాతబస్తీ అడగలేదు. బాగా చేశాడా లేదా అని చూసింది. హమీద్‌కి బొంబాయి ఇవ్వలేకపోయినదాన్ని పాతబస్తీ శ్రీవాస్తవ్‌కి ఇచ్చింది. మతోన్మాదుల అడ్డా అని పేరుపడ్డ పాతబస్తీ సంగతి ఇది.

ఎనభైల్లో గుండెజబ్బుతో అజిత్ సినిమాలు మానుకుని హైదరాబాద్ తిరిగొచ్చాడు. 1992లో ‘జిగర్’, ‘పోలీస్ ఆఫీసర్’ వంటి సినిమాలతో మళ్లీ కొన్నాళ్లు కనిపించాడు. 1998 అక్టోబరు 22న ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. కొడుకు షెహజాద్ ఖాన్ 1994లో ‘అందాజ్ అప్నా అప్నా’లో భల్లాగా తండ్రి గొంతును అనుకరించి నవ్వించాడు. తండ్రి వదులుకున్న ఖాన్ కొడుకు పేరులో ఉంది.

తెలుగు నేల నుంచి హిందీ తెరకెక్కినవాళ్లను లెక్కపెట్టేటప్పుడు పైడి జైరాజ్ పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. 1980 ఫాల్కే అవార్డు అందుకున్న మనిషి ఆయన. ఆ లెక్కలోనే హనుమకొండలో చదివిన గోల్కొండ హమీద్‌ని కూడా కలపండి. దయగా కాదు, హక్కుగా అడుగుతున్నాం. మమ్మల్ని ఎప్పుడూ షేర్‌ఖాన్‌లాగే చూపించమని మేం అడగడం లేదు. మాలో తేజాలూ ఉన్నారు, శాకాల్‌లూ ఉన్నారు, పిరికివాళ్లూ ప్రేమికులూ ఉన్నారు. ఏ వేషమైనా వేస్తాం. వేసినవాడు హమీద్ అలీఖాన్ అని పోస్టరు మీద రాయండి, చాలు.