టాంగ్ చక్రవర్తుల నీడలో తూర్పు సంఘము

చీనా చక్రవర్తుల వారసత్వము అనగానే మహాకుడ్యమును, మట్టి సైనికులను తలచుకొనుట పరిపాటి. సంఘ చరిత్ర చదివే మనకు అంతకంటె విలువైన వస్తువు ఒకటి షీయాన్ నగరములోని శిలాశాసనముల ప్రదర్శనశాలలో నిలిచి ఉన్నది. క్రీ.శ. 781లో చెక్కిన ఆ రాతిపలక ఎత్తు దాదాపు 9 అడుగులు. శిరోభాగమున తామరపువ్వు మీద సిలువ, దాని క్రింద సుమారు 1,800 చీనా అక్షరములు, అడుగున, ప్రక్కలను సిరియక్ లిపిలో సన్యాసుల, పెద్దల పేర్లు. 17వ శతాబ్దపు తొలినాళ్లలో ఇది నేలలో నుండి బయటపడినప్పుడు ఐరోపాలో చాలామంది నమ్మలేదు. యేసు సభవారు కల్పించిన మోసమని వోల్టేర్ వంటివారు కొట్టివేశారు. ఇప్పుడు దాని ప్రామాణికతను శంకించే పండితులు లేరనే చెప్పవచ్చు.

శాసనము చెప్పేదేమిటి? 635లో అలోపెన్ అనే బోధకుడు గ్రంథములు వెంటబెట్టుకొని టాంగ్ రాజధాని చాంగాన్‌కు వచ్చాడు. ఆయన తూర్పు సంఘమునకు చెందినవాడు. కేరళ తోమా క్రైస్తవులు శతాబ్దముల పాటు ఏ సంఘపు పిత్రాధిపతి క్రింద ఉన్నారో ఆ సంఘమే అది. తాయ్‌జోంగ్ చక్రవర్తి తన మంత్రి ఫాంగ్ షువాన్‌లింగ్‌ను ఎదురు పంపి ఆయనను పిలిపించాడు, రాజ గ్రంథాలయములో ఆ గ్రంథములను అనువదింపజేశాడు. 638లో ఆ బోధ ప్రజలకు మేలు చేయునదని ఆజ్ఞ ఇచ్చి, రాజధానిలో ఒక మఠమును కట్టించి 21 మంది సన్యాసులను అనుమతించాడు.

తాయ్‌జోంగ్‌ను మరొక కోరెషుగా వర్ణించుట ప్రసంగీకులకు సులభముగానే తోచును. అయితే ఈయన 626లో అన్నను, తమ్ముని హతమార్చి, తండ్రిని గద్దె దింపి రాజైనవాడు. 637లో దావో మతస్థులకు బౌద్ధులకంటె పై స్థానమిచ్చాడు, ఎందుకనగా లావోత్సు తమ వంశకర్త అని టాంగ్ రాజులు చెప్పుకొనేవారు. 645లో మన వేంగి, ధాన్యకటక ప్రాంతములను కూడా చూచి తిరిగివెళ్లిన హుయాన్‌త్సాంగ్‌ను ఘనముగా చేర్చుకొని, బౌద్ధ గ్రంథముల అనువాదమునకు ఏర్పాట్లు చేసినవాడూ ఈయనే. అన్ని దిక్కుల జ్ఞానము తన సింహాసనము ఎదుట చేరవలెననుట ఆయన రాజనీతి. అలోపెన్‌కు దొరికిన ఆదరణ ఆ నీతిలో ఒక భాగము. అది మారుమనస్సు కాదు.

రాజు మారినప్పుడెల్లా సంఘపు స్థితి మారినది. గావోజోంగ్ కాలములో మఠములు విస్తరించాయి. బౌద్ధులను ఆదరించిన వూ చక్రవర్తిని ఏలుబడిలో నిందలు ఎదురయ్యాయి. షువాన్‌జోంగ్ మరల ఆదరించి, 745లో "పారసీక మఠము" అనే పేరు తీసివేసి రోమా సామ్రాజ్యమును సూచించే "దాచిన్ మఠము" అనే పేరు పెట్టించాడు. శాసనములో ఈ చక్రవర్తులకు చేసిన స్తుతి ఎంత దీర్ఘమైనదో గమనించవలెను. క్రీస్తు జననము, పరలోకారోహణము చెప్పబడినవి గాని సిలువ మరణము గురించి స్పష్టమైన మాట దాదాపుగా లేదు. పలక మీద సిలువ ఉన్నది, వాక్యములో సిలువపాటు లేదు!

ఇక్కడే మన తరగతి గదులలో తరచు వినబడే తీర్పు వస్తుంది: ఈ సంఘము బౌద్ధ, దావో పదములలో సువార్తను కలిపివేసి తన్ను తాను పోగొట్టుకొన్నది అని. ఆ పదములు వాడిన మాట నిజము. దేవుని నామమును సిరియక్ "అలాహా" నుండి "అలోహో" అని వ్రాశారు. అవే అక్షరములతో బౌద్ధులు "అర్హతుని" వ్రాసేవారు. శాసనకర్త జింగ్‌జింగ్, సిరియక్ పేరు ఆదాము, నలందలో చదివిన ప్రజ్ఞ అనే భిక్షువుతో కలిసి ఒక బౌద్ధ సూత్రమును కూడా అనువదించాడు. దజోంగ్ చక్రవర్తి దానిని తిరస్కరించి, రెండు మతములు వేటి బోధ అవి చూచుకొనవలెనన్నాడు. ఒక క్రైస్తవ పండితునికి సరిహద్దులు గుర్తుచేసినవాడు అన్య చక్రవర్తి కావడము మనకు సిగ్గుగానే ఉండవచ్చు.

అయినను ఆ తీర్పు మాకు చాలదు. యోహాను "లోగోస్" అనే గ్రీకు పదమును తీసుకొనలేదా? మన తెలుగు బైబిలులోని "రక్షణ", "ఆత్మ", "ధర్మశాస్త్రము" అనే మాటలు క్రైస్తవులు పుట్టించినవా? పదములు అరువు తెచ్చుకొనుట వలననే సంఘము చచ్చేటట్లయితే ఏ దేశములోను సంఘము బ్రదుకదు.

845 సంవత్సరమును చూడండి. దావో భక్తుడైన వూజోంగ్ చక్రవర్తి బౌద్ధులను అణచివేశాడు: 4,600 మఠములు కూల్చబడ్డాయి, 2,60,500 మంది భిక్షువులు, భిక్షుణులు సంసార జీవితమునకు మరలింపబడ్డారు. అదే ఆజ్ఞలో క్రైస్తవ, జొరాస్ట్రియ మతముల వారిని కూడా చేర్చారు. వారి సంఖ్య రెండు మూడు వేలకు మించి అని మాత్రమే. మరుసటి ఏడే ఆ చక్రవర్తి చనిపోగా బౌద్ధము తిరిగి లేచినది. దెబ్బ బౌద్ధులకే పెద్దది, అయినను లేవలేకపోయినవారు క్రైస్తవులు. కారణము ఆ రెండు అంకెలలోనే చాలమట్టుకు ఉన్నది. బౌద్ధము పల్లెలలోను, ఇండ్లలోను చీనావారి మతమైపోయినది.

2006లో లుయోయాంగ్ వద్ద బయటపడిన ఒక క్రైస్తవ సమాధి స్తంభము ఈ సంగతిని బలపరుస్తుంది. 815 ప్రాంతములో ఆన్ ఇంటిపేరు గల స్త్రీ జ్ఞాపకార్థము దానిని నిలిపారు. దాని మీది ఆన్, మీ, కాంగ్ అనే ఇంటిపేర్లు బుఖారా, సమర్కందు వైపు నుండి వచ్చిన సోగ్దియా వర్తక కుటుంబములవి. అలోపెన్ వచ్చి 180 ఏండ్లు గడిచినవి, స్తంభము మీది భాష చక్కని చీనా భాషే, మనుష్యులు మాత్రము ఇంకను వలస వచ్చినవారి సంతానమే. 781 నాటి పలకలోను అంతే, సన్యాసుల పేర్లు సిరియక్‌లో ఉన్నాయి, పిత్రాధిపతి దూరాన బాగ్దాదులో. ఆయన అప్పటికే మరణించాడు, ఆ కబురు చాంగాన్‌కు అందక శాసనము ఆయన పేరిటనే తేదీ వేసుకొన్నది.

987లో బాగ్దాదులో గ్రంథసూచిక వ్రాసిన ఇబ్న్ అల్ నదీమ్, చీనాకు పంపబడి తిరిగివచ్చిన ఒక క్రైస్తవ సన్యాసిని అడిగి తెలుసుకొన్నాడు. అక్కడ క్రైస్తవులు నశించారని, వారి ఆలయము పాడైనదని, ఆ దేశమంతటిలో ఒక్కడే మిగిలి ఉన్నాడని ఆ సన్యాసి చెప్పాడు.