సీసాలో దెయ్యం, కనపడని శవం

ఈమధ్య ఇంగ్లీషులో ఒకరకం నవలలు తెగ వస్తున్నాయి. చిన్న ఊరు, ఒక హత్య, ఒక దెయ్యం, నిండా హాస్యం. రక్తం కనపడదు, పోలీసులకి ఏదీ అర్థం కాదు, ఊళ్ళో అందరూ అనుమానాస్పదంగా పకోడీలు తింటుంటారు (సరే, వాళ్ళు కేకులు తింటారు). బగ్గులు ఫిక్స్ చేసి బుర్ర వేడెక్కిన రాత్రుళ్ళు నేనూ ఇవే చదువుతాను. నాలుగైదు చదివాక అనిపించింది, ఇది మా విజయనగరం సరుకే కదా అని.

కన్యాశుల్కం గురించే చెప్తున్నా. నాటకం మొదట ఆడింది 1892 ఆగస్టులో, విజయనగరంలో. అచ్చులో వచ్చింది 1897లో. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి ఏడంకాలుగా తిరగరాశాడు. నేను చెప్పేది ఆ రెండో కూర్పు సంగతి. అన్నట్టు, షెర్లాక్ హోమ్స్ కథలు మొదటి సంపుటంగా వచ్చింది కూడా 1892లోనే. ఒకరినొకరు ఎరగరు లెండి.

మనకి కన్యాశుల్కం అంటే గిరీశం, వెంకటేశం, చుట్ట. పరీక్షలకి చదివింది అదే. కానీ కథకి వెన్నెముక ఒక హత్యకేసు. రామచంద్రపురం అగ్రహారంలో లుబ్ధావధాన్లు అనే ముసలాయన డబ్బిచ్చి చిన్నపిల్లని కొనుక్కుని పెళ్ళి చేసుకుంటాడు. ఆ పిల్ల నిజానికి పిల్ల కాదు. కరటకశాస్త్రి శిష్యుడు, ఆడవేషం కట్టిన కుర్రాడు. పని అయిపోగానే మాయం. పెళ్ళికూతురు ఏమైందంటే ఎవరూ చెప్పలేరు. ఇంకేముంది, ముసలాడే చంపేశాడని కేసు!

ఇక్కడ తమాషా ఏంటంటే మనకి మొదట్నుంచీ అన్నీ తెలుసు. హంతకుడెవరని కాదు, శవమే లేదని రుజువు చెయ్యడం ఎలా అన్నది చిక్కు. ప్రోగ్రామర్లకి ఈ బాధ బాగా తెలుసు. ఉన్న తప్పుని పట్టుకోవచ్చు గానీ, లేదని చూపించడం మహా కష్టం :)

మరి దెయ్యం? పెళ్ళయ్యాక లుబ్ధావధాన్లుకి ఒక అనుమానం అంటుకుంటుంది, తనకి అంటగట్టిన పిల్ల విధవేమోనని. ఆ రోజుల్లో అదెంత మాట! వెలి, ప్రాయశ్చిత్తం, బోల్డంత ఖర్చు. దాంతో పిల్ల మొదటి మొగుడు దెయ్యమై తన మీద పడుతున్నాడని వణుకు. పూజారి గవరయ్య రంగంలోకి దిగి దాన్ని సీసాలో బిగించేస్తాడు. తర్వాత పెళ్ళికూతురు కనపడకపోతే దానికీ ఆయన దగ్గర సమాధానం ఉంది. అది మనిషే కాదు, కామినీ పిశాచం! అంటే హత్యే జరగలేదన్నమాట. ఇంతకన్నా మంచి డిఫెన్సు ఏ వకీలు ఇవ్వగలడు? పైగా సగం నిజం కూడా. ఆ ‘భార్య’ నిజంగానే లేదు కదా.

నాకు నవ్వు ఆగిపోయేది ఇక్కడే. ఆ ఇంట్లోనే నిజమైన విధవ ఉంది, ముసలాడి కూతురు మీనాక్షి. ఆమె బాగు ఎవరికీ పట్టదు. లేని పిల్లకి లేని మొగుడు మాత్రం ముసలాడికి నిద్ర లేకుండా చేస్తాడు.

ఇక డిటెక్టివు. పోలీసు కాదు, వకీలు కాదు. మధురవాణి, ఒక వేశ్య. మగవేషంలో విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు ఇంటికెళ్ళి చిక్కుముడి విప్పేది ఆవిడే. వేశ్య మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న పెద్దమనిషికి ఆవిడే దిక్కయింది. మగపిల్లాడికి ఆడవేషంతో మొదలైన మోసం ఆడమనిషి మగవేషంతో తేలుతుంది. 1955 సినిమాలో ఈ పాత్ర సావిత్రి వేసింది, చూడనివాళ్ళు చూడండి.

ఇదంతా కేవలం సరదా అనుకుంటే గురజాడ మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదవాలి. విజయనగరం మహారాజా ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా ఒకటి తయారు చేయించాడు. మొత్తం 1034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు! ఆ చంటిపిల్లల ధర 350 నుంచి 400 రూపాయలట. కడుపులో ఉన్నవాళ్ళకి కూడా బేరాలు జరిగేవని రాశాడు.

నాకు తెలిసినంతలో ఏ దెయ్యం నవలా ఇంత భయపెట్టలేదు. ఆ జాబితా చూసిన మనిషి కోపంతో ఉపన్యాసం రాసుండొచ్చు. ఆయన గవరయ్య చేతికి సీసా ఇచ్చాడు. కల్పిత పెళ్ళికూతురి కోసం పోలీసులు, సాక్షులు, హత్యకేసు. ఆ లెక్కల్లోని ఒక్క పిల్ల కోసమైనా కదిలిన పోలీసు లేడు, ఎందుకంటే అది నేరమే కాదు.

దెయ్యాల వ్యాపారం మా వైపు ఇప్పటికీ పోలేదు. గవరయ్యలు హైటెక్ అయ్యారంతే. చిల్లంగి పెట్టారని మనుషుల్ని కొట్టిన వార్తలు కూడా చదువుతూనే ఉన్నాం. అక్కడ మాత్రం హాస్యం ఏమీ లేదు.

చదవాలనుకునేవాళ్ళు 1909 పాఠమే తీసుకోండి. గురజాడకి చిన్ననాటి స్నేహితుడైన గిడుగు రామమూర్తి (ఆయనది శ్రీకాకుళం వైపు) వాడుకభాష కోసం పోట్లాడిన రోజులవి. ఆ భాషకి బలమెంతో తెలియాలంటే గవరయ్య మాటలు పైకి చదవండి, కళ్ళతో కాదు. మా విజయనగరం యాస వస్తే మరీ మంచిది.