కోరంగి రేవు: ఓడల మరమ్మతు విద్య

ఆంధ్రదేశపు నౌకాచరిత్రను వివరించేటప్పుడు శాతవాహనుల సీసపు నాణేలపై కనిపించే రెండు స్తంభాల ఓడను, 13వ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనాన్ని పేర్కొనడం పరిపాటి. తుపానుకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరకును రాజులు స్వాధీనం చేసుకొనే పద్ధతిని ఆ శాసనం తొలగించింది. అయితే సముద్రయానం ముగించి వచ్చిన ఓడను మరల ప్రయాణయోగ్యం చేసిన పనివారి చరిత్ర అంతగా వెలుగులోకి రాలేదు. ఆ చరిత్రలో ప్రముఖస్థానం గోదావరి ముఖద్వారం చెంత, యానాంకు సమీపాన ఉన్న కోరంగిది.

కొయ్య ఓడకు కెరటం కంటె పురుగు వల్లనే ఎక్కువ ముప్పు. ఉష్ణ సముద్రాలలో ఆల్చిప్పల జాతికి చెందిన ఒక జీవి పలకలను తొలుస్తుంది. పైకి సన్నని రంధ్రమే కనిపించినా లోపల కలప గుల్లబారిపోతుంది. అందుచేత ఓడను అప్పుడప్పుడు ఒడ్డుకు చేర్చి, అడుగున పట్టిన నాచును, గుల్లలను, పాత పూతను గీకివేసేవారు. చివికిన పలకలను మార్చి, సందులలో దూదిని గాని పీచును గాని కూరి, గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్దతో మూసేవారు. నీటిమట్టానికి దిగువ భాగానికి సున్నం, నూనె కలిపిన పూత వేసేవారు. చైనా వర్తకుల ఓడలకు సున్నం, నార, చెట్టునూనె కలిపి పూసేవారని మార్కోపోలో 13వ శతాబ్దిలోనే వర్ణించాడు. కోరమండల్ తీరపు మసూలా పడవలకు ఇనుప మేకులే ఉండవు. కొబ్బరి తాళ్లతో కుట్టిన వాటి పలకలు అలల తాకిడికి విరగక వంగుతాయి. ఆ కుట్లు వదులైనప్పుడు విప్పి తిరిగి కుట్టవలసిందే.

1761లో బ్రిటిష్ నౌకాదళం ఓడ అడుగుకు రాగిరేకు తాపడం చేసి పరీక్షించింది. ఆ పద్ధతి వ్యాపించిన తరువాత కూడా ఓడను నీటినుండి తప్పించి నిలిపే స్థలం అవసరం తీరలేదు. 19వ శతాబ్ది ఆరంభంలో కలకత్తాకు, ట్రింకోమలీకి నడుమ పెద్ద ఓడలను అట్లా నిలిపి మరమ్మతు చేయగల స్థలం కోరంగి ఒక్కటే. 1802లో బ్రిటిష్ యుద్ధనౌక ఆల్బట్రాస్ ఇక్కడ మరమ్మతు పొందింది.

ఈ వైభవం నిలువలేదు. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు పట్టణాన్ని ముంచివేశాయి. ప్రాణనష్టం అపారం. అంతకంటె నెమ్మదిగా, అంతే నిశ్చయంగా గోదావరి ఒండ్రు రేవును పూడ్చివేసింది. వర్తకం కాకినాడకు తరలిపోయింది. జీవనోపాధికై రంగూనుకు వలసవెళ్లిన తెలుగువారిని బర్మాలో ‘కోరంగీలు’ అని పిలిచారు. రేవు మూతపడినా దాని పేరు సముద్రం దాటి ఒక జనసమూహానికి గుర్తుగా నిలిచింది.

నేడు కోరంగి మడ అడవులకు ప్రసిద్ధం. 1978లో ఇది అభయారణ్యమైంది. కాగా, అజంతా చిత్రంలోని ఓడను ఆధారం చేసుకొని, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి నిర్మించిన ‘కౌండిన్య’ నౌక 2025లో కార్వార్‌లో భారత నౌకాదళంలో చేరింది. చిత్రం ఓడ ఆకారాన్ని మాత్రమే చూపగలదు. తాడు ఎంత బిగించాలో, పూత ఎంత మందంగా పట్టించాలో పనివాని చేతులకే తెలుసు. తీరగ్రామాలలో పడవలకు కలప స్థానంలో ఫైబరు ప్రవేశించిన ఈ కాలంలో, ఆ చేతులలోని విద్యను నమోదు చేయడం చరిత్రకారుల తక్షణ కర్తవ్యం.