పదమూడు-ఏ మీద సంతకం

2024 జూన్ 4, మంగళవారం. పొద్దున ఆరుంబావు. కావలి ట్రంకు రోడ్డు మీద టీ అంగడి బెంచీ చివర మీరు కూర్చున్నారు. తుమ్మలపెంట వైపు నుంచి సముద్రపు గాలి వస్తోంది. ఇంకో రెండు గంటలు పోతే ఈ రోడ్డు మీద కాలు పెట్టలేం. ఇవాళ ఓట్ల లెక్కింపు. బెంచీ మీద రెండు దినపత్రికలున్నాయి, రెండింటి మొదటి పేజీలోనూ పోస్టల్ బ్యాలెట్టే. ఒకటి చదివితే నిన్న సుప్రీంకోర్టులో న్యాయం నిలబడింది. రెండోది చదివితే దొంగ ఓట్లకు తలుపు తెరుచుకుంది.

“ఏంది సార్, కోర్టు పేపరుకొక తీర్పు ఇచ్చిందా?” టీ వడబోస్తూ కుర్రాడు అడుగుతాడు.

అడిగింది మీ పక్కనున్న హెడ్‌మాస్టరుని. గెజిటెడ్ హోదా ఉన్నందుకు మే నెల మొదట్లో ఆయన్ని ఉద్యోగులు ఓటేసే కేంద్రంలో కూర్చోబెట్టారు. ఎన్నికల డ్యూటీకి పోయే టీచర్లు, పోలీసులు వరసలో వస్తుంటే వాళ్ల డిక్లరేషన్ల మీద పొద్దుగూకులూ సంతకాలు పెట్టిన మనిషి. ఆయన మాట్లాడకుండా ఒక పేపరు తీసి చిన్నగా మడుస్తారు. రెండోదాన్ని పెద్ద సంచిలా మడుస్తారు. టీ బిల్లుల పుస్తకంలోంచి ఒక చీటీ చించుతారు.

“ఇట్ట చూడు నాయనా. ఈ చిన్నది 13బి కవరు. ఓటేసిన కాగితం దీంట్లో పెట్టి అంటించాల. ఈ చీటీ 13ఏ. బ్యాలెట్ నంబరు రాసి ఓటరు సంతకం పెడతాడు. నా ముందరే పెట్టినాడని నేను పెడతా. రెండూ ఈ పెద్ద కవర్లోకి పోతాయి, 13సి. గొడవంతా ఈ చీటీ మీదనే.”

చీటీ మీద అధికారి సంతకం ఉండి, పేరు, హోదా, ముద్ర లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా? చెల్లుతుందని ఎన్నికల సంఘం చెప్పింది. వైఎస్సార్ కాంగ్రెస్ హైకోర్టుకు వెళ్లింది. జూన్ 1న అక్కడా, 3న సుప్రీంకోర్టులోనూ చుక్కెదురైంది. రాష్ట్రమంతటా ఐదు లక్షలకు పైగా పోస్టల్ ఓట్లున్నప్పుడు ఇది చిన్న తగాదా కాదు. ముద్ర లేని సంతకాన్ని అనుమానించడంలో తప్పు లేదు. కానీ అధికారి వేయని ముద్రకు ఓటరు ఓటు పోవడం అన్యాయమనే నేను నమ్ముతాను.

నాలుగు వారాలు వెనక్కి, ఉదయగిరి రోడ్డు పక్క ఒక సందులోకి రండి. పెంకుటిల్లు. నులక మంచం మీద ఎనభై ఎనిమిదేళ్ల అవ్వ. గడపలో ఇద్దరు పోలింగ్ అధికారులు, ఒక కానిస్టేబులు, వీడియో తీసే కుర్రాడు, అరుగు మీద పార్టీల ఏజెంట్లు. ఇంటి దగ్గరే పోస్టల్ ఓటు వేసేందుకు 2019లో నిబంధన మార్చి 80 దాటినవాళ్లకు తెచ్చిన వెసులుబాటు ఇది. 2024లో దాన్ని 85కి పెంచారు. అందుకోసం అవ్వ ముందే 12డి ఫారంలో దరఖాస్తు ఇచ్చింది. బూత్ జాబితాలో ఆమె పేరు పక్కన పీబీ అని పడిపోయింది. ఇక అక్కడ ఆమె పేరుతో ఎవరొచ్చినా ఓటు ఇవ్వరు.

అట్ట తెర నిలబెడతారు. కొడుకు మంచం మీదికి వంగి, “అమ్మా, గుర్తుందా నేను చెప్పింది...” అంటుండగానే అధికారి, “మీరు అవతలికి పోండి సార్” అంటాడు. అవ్వ కొడుకు వైపు చూడకుండానే, “పోరా, నాకు తెలుసులే” అంటుంది. పెన్ను వణుకుతోంది. కెమెరా కూడా అటు తిరగదు. సందులో కోడి అరుపు తప్ప ఏమీ వినపడని ఆ రెండు నిమిషాలూ ఆ కాగితం ఆమె ఒక్కదానిది.

ఆ కొడుకు వంగిన చోటే మోసం దూరుతుంది. డబ్బు కూడా అక్కడే దూరుతుంది. ఆ మే నెలలోనే పోస్టల్ ఓటుకు డబ్బు తీసుకున్నాడని మంగళగిరిలో పనిచేసే ఎస్సై ఒకాయన్ని సస్పెండ్ చేశారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 2004 స్థానిక ఎన్నికలప్పుడు ఓటు కాగితాలు నిజంగానే తపాలాలో తిరిగాయి. వాటిని పోగేసి మార్చేశారని 2005లో ఎన్నికల కోర్టు తేల్చి, రెండు వార్డుల ఎన్నికను రద్దు చేసింది. అక్కడ లేనిదీ ఇక్కడ ఉన్నదీ ఒకటే: ఓటరు ఎదురుగా నిలబడి సంతకం పెట్టే అధికారి.

ఆ మనిషి ఇప్పుడు బెంచీ మీద మడిచిన పేపర్లు విప్పి సాపు చేస్తున్నారు. “చీటీ మీద ఏముంటుందో, అనుమానమొస్తే నమూనా సంతకంతో ఎట్ట పోల్చాల్నో... ఆ నాలుగు ముక్కలు ఈ పేపర్లోళ్లు ముందు రాయొచ్చు గదా” అంటారు. కోపంగా కాదు, బాధగా. ఈయన కుర్ర పంతులుగా ఉన్నప్పుడు, 1992లో, ఇక్కడికి పడమరనున్న దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. రాత్రిబడిలో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న వాళ్లు. ఆ పోరు ‘ఈనాడు’లో రోజూ వచ్చేది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. పేపర్లో అచ్చయింది తమ ఊళ్లో జరిగిందేనని ఆ ఆడవాళ్లు కళ్లారా చూసుకోగలిగారు, అందుకే నమ్మారు. పోస్టల్ ఓటు సంగతి అట్లా కాదు. దాన్ని కళ్లారా చూసేది లెక్కింపు గదిలో ఉన్నవాళ్లే. మిగతా అందరికీ పేపరే కన్ను. అందుకే ఈ విషయంలో పక్షం కట్టిన వార్త నాకు మామూలు తప్పులా కనిపించదు.

ఎనిమిదైంది. టీవీ సౌండు పెంచారు. దక్షిణాన నెల్లూరు శివారులో ముందు పోస్టల్ కవర్లే తెరుస్తున్నారు. ఏజెంట్ల కళ్లెదుట 13సి చీల్చాలి, 13ఏ చూడాలి, దాని మీది నంబరు 13బి మీది నంబరుతో కలవాలి. కలిస్తేనే లోపలి కవరు తెరుస్తారు. టీ కుర్రాడు గ్లాసులు కడగడం ఆపి నిలబడ్డాడు.

సాయంత్రానికి కావలిలో తెలుగుదేశం అభ్యర్థి కృష్ణారెడ్డి 30 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. ఇక్కడ ఫలితం పోస్టల్ ఓట్ల మీద ఆధారపడలేదు. ఎక్కడైనా గెలుపు తేడా కంటే చెల్లవని పక్కన పెట్టిన పోస్టల్ ఓట్లు ఎక్కువైతే, ఫలితం ప్రకటించే ముందు రిటర్నింగ్ అధికారి వాటన్నిటినీ మళ్లీ పరిశీలించి తీరాలి. అప్పుడు మళ్లీ బయటికి తీసేది ఆ 13ఏ కాగితాలే.