వాన్ ఏట్‌వెల్డె గృహం: బ్రస్సెల్స్ వాస్తుకళ, కాంగో నీడ

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో పామర్‌స్టన్ వీథిలోని ఒక ఇంటి నిర్మాణాన్ని 1895లో ఎడ్మాన్ వాన్ ఏట్‌వెల్డె వాస్తుశిల్పి విక్టర్ హోర్టాకు అప్పగించాడు. రాజు రెండవ లియోపోల్డ్ తన సొంత ఆస్తిగా ఏలిన కాంగో స్వతంత్ర రాజ్యపు వ్యవహారాలను బ్రస్సెల్స్ నుండి నడిపినవారిలో వాన్ ఏట్‌వెల్డె ముఖ్యుడు.

నాటి బ్రస్సెల్స్ మధ్యతరగతి సంపన్నుల ఇళ్ళు వీథి వైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉండేవి. గదులు ఒకదాని వెనుక ఒకటి ఉండడం వల్ల నడిమి గదికి వెలుతురు దక్కేది కాదు. ఆచార్యుడు ఎమిల్ టాసెల్ కోసం 1893 నాటికి కట్టిన ఇంట్లోనే హోర్టా ఈ పద్ధతిని ఛేదించాడు. వాన్ ఏట్‌వెల్డె గృహంలో మరింత ముందుకు వెళ్ళి, నడుమ ఎనిమిది కోణాల మందిరాన్ని నిలిపి, దానిపై రంగుటద్దాల గుమ్మటాన్ని సన్నని ఇనుప స్తంభాల మీద ఎత్తాడు. అతిథులు ఆ వెలుగు చుట్టూ తిరుగుతూ పై గదులకు చేరుతారు. అప్పటిదాకా రైల్వేస్టేషన్లకూ కర్మాగారాలకూ తగినదనుకున్న ఇనుమును నివాసగృహపు ముఖభాగంలో దాచకుండా చూపడం సాహసమే.

2000లో యునెస్కో హోర్టా ఇళ్ళు నాలుగింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు గుర్తించిన గుణాలు ఇవే: విశాలమైన అమరిక, వెలుతురు వ్యాప్తి, అలంకరణలోని వంపురేఖ కట్టడంతో కలిసిపోవడం. అదే కాంగోలో రబ్బరు కోసం సాగిన నిర్బంధ శ్రమను, హింసను రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో లోకానికి వెల్లడించింది. 1908లో ఆ రాజ్యం బెల్జియం ప్రభుత్వపరమైంది.

ఈ వంపురేఖకు కళాచరిత్రలో ‘కొరడా దెబ్బ’ అనే పేరుంది. చరిత్రకారిణి డెబోరా సిల్వర్‌మన్ దీనిని కాంగోలో వాడిన నీటిగుర్రపు తోలు కొరడాతోను, రబ్బరు తీగతోను అనుసంధానించింది. ఈ వాదంలో రెండు పాయలను వేరుచేయాలి. రూపసామ్యం ఒక్కటే చాలిన ఆధారం కాదు. ఆ రేఖ కాంగో అధికారి కాని టాసెల్ ఇంట్లోనూ ఉంది, ఆ పేరు మ్యూనిక్‌లో హెర్మన్ ఆబ్రిస్ట్ కుట్టుపనిని గురించి పుట్టింది. యజమాని పదవి మాత్రం పోలిక కాదు, నమోదైన చరిత్ర. గృహాన్ని వర్ణించేవారు ఆ పదవిని ఒక విశేషణంతో దాటవేయడమే చిక్కు.

హోర్టా బెల్జియం కార్మిక పక్షం కోసం కట్టిన ప్రజాభవనం 1899లో ప్రారంభమైంది. లియోపోల్డ్ కాంగో పాలనను పార్లమెంటులో విమర్శించిన ఎమిల్ వాండర్‌వెల్డె ఆ పక్షపు నాయకుడే. దానికి రక్షణ దక్కలేదు. 1965లో కూల్చివేశారు, ఆ స్థలంలో ఎత్తైన కార్యాలయ భవనం లేచింది.