పట్టాలు తీసిన బాట

పాకాల కూడలియందు మూడు ఇనుపదారులు కలియును. ఒకటి తిరుపతికి, ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, మూడవది కదిరి మీదుగా ధర్మవరమునకు పోవును. ఊరికంటె స్టేషనుకే పేరెక్కువ యన్నచో పాకాలవారు కోపింపరని మా నమ్మకము.

ధాత కరవుగా పెద్దలు చెప్పుకొను 1876-78 నాటి క్షామమున ధాన్యమున్న చోటినుండి లేని చోటికి చేరవేయు సాధనము చాలక రాయలసీమ విలవిలలాడెను. 1880 నాటి కరవు కమిషను రైలుమార్గములను క్షామనివారణ సాధనములుగా నెంచెను. 1890ల తొలి సంవత్సరములలో దక్షిణ భారత రైల్వేవారి మీటరు గేజి పట్టాలు పాకాలను దాటి ధర్మవరము చేరినవి.

ఇనుప చక్రము ఇనుప పట్టాపై జారును గనుక రైలుబండి నిట్టనిలువు మిట్టల నెక్కజాలదు. నూరడుగుల దూరమున ఒక్క అడుగు ఎత్తు పెరిగినను ఇంజనుకు ఆయాసమే. కావున మిట్టను తవ్వవలెను, పల్లమును పూడ్పవలెను, వాగుపై వంతెన కట్టవలెను. యంత్రములు లేని ఆ కాలమున ఈ మట్టిపని యంతయు పార, గంప, నెత్తిచుట్టలతో సాగినది. దక్షిణదేశపు రైలుకట్టలలో ఒడ్డెరల చెమట ఎంత యింకినదో ఏ శిలాఫలకమును చెప్పదు.

ఇంజనుకు సుఖమైన ఆ వాలు మనిషి కాలికి మరింత సుఖము. సైకిలు తొక్కువానికి చెప్పనే యక్కరలేదు. ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో ఇంగ్లండు స్టాఫర్డ్‌షైరువారు కలరు. అచ్చటి మానిఫోల్డ్ లోయలో 1904లో ఒక చిన్న రైలు వెలసినది. దానికి ప్రాణాధారము పాల రవాణా. పాడికి పేరుబడిన మన చిత్తూరు సీమవారికి ఇది వింతగా తోచదు. ఆ రాబడి తగ్గగా 1934లో రైలు ఆగినది. పట్టాలు తీసిన పిమ్మట జిల్లా పాలకమండలి 1937లో ఆ కట్టను పాదచారులకు బాటగా తెరచినది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము ఎల్‌రాయ్, స్పార్టాల నడుమ ఆగిపోయిన రైలుదారిని కొని, 1967లో 32 మైళ్ల సైకిలు బాటగా మలచెను. అందు మూడు సొరంగములు కలవు. పెద్దదాని పొడవు ముప్పాతిక మైలు. అందులో సైకిలు దిగి, చేత దీపము పట్టి నడువవలెను.

పాకాలకు అట్టి బాట ఏల లేదు? ఇచ్చట రైలు చావలేదు, వెడల్పైనది, అంతే. మీటరు గేజి పట్టాల మధ్య ఎడము 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజికి 1,676. రెండును కలియు చోటనెల్ల ఒక బండినుండి బస్తాలు దింపి వేరొక బండి కెక్కింపవలసివచ్చెడిది. ఈ బాధ తొలగించుటకే 1992లో ఏకగేజి పథకము మొదలైనది. కాట్పాడి, తిరుపతి దారులు ముందు మారినవి. 2010 నాటికి ధర్మవరము దారియు మారినది. పాత కట్టయే చాలమేరకు కొత్త రైలును మోయుచున్నది.

అయితే జనము నడక మానలేదు. దగ్గరదారి యని రైలుకట్ట వెంట పోవుట మనవారి పాత అలవాటు. 1989 నాటి రైల్వే చట్టము దీనిని నేరముగా నెంచినది. చట్టముకంటె వెనుకనుండి వచ్చు బండి కఠినమైనది. ఇంజను పొగ, రొద దూరమునుండియే హెచ్చరించు కాలము పోయినది. విద్యుద్బండి దగ్గరకు వచ్చువరకు తెలియదు. వంపులు సరిచేయునపుడు పాత కట్ట ఎచ్చటనైన మిగిలిపోయినచో, దానిని ముక్కలుగా పోనీయక, బడికి పోవు పిల్లలకును, సంతకు పోవువారికిని విడిచిపెట్టుట మేలని మాకు తోచుచున్నది. ఒకమారు తెగిన కట్టను మరల కలుపుట కష్టము. నడుమ ఒక్క ఇల్లు లేచినను బాట అచ్చటనే ఆగును.

రేపు మరల రైలు కావలసివచ్చినచో ఏమి గతి యని అధికారు లడుగవచ్చును. అమెరికావారు 1983లో దీనికొక చట్టము చేసిరి. కట్ట బాటగా వాడుకలో నున్నను, రైలు మరల వచ్చుటకు హక్కు నిలిచియే యుండును. మన గోదావరి సీమలో 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలుదారి పట్టాలను 1940లో యుద్ధావసరములకై పెరికివేసిరి. 64 ఏండ్ల పిమ్మట, 2004లో, కోటిపల్లికి మరల రైలు వచ్చెను.