పరదేశ విద్యార్థికి ఇంటి పంక్తి

పూర్వము మన పట్టణములలో పేద విద్యార్థులు వారములు చేసికొని చదువుకొనుట మన మెరిగినదే. దినమున కొక యింట భోజనము. పరాయి బిడ్డకు పంక్తిలో చోటిచ్చు ఈ ధర్మము అన్యదేశమున యుద్ధభూమినుండి మొలచుట విశేషము.

1915లో ఫ్రాన్సులో క్షతగాత్రులను మోయుటకు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ అను స్వచ్ఛంద వాహనదళము ఏర్పడెను. రెండవ ప్రపంచయుద్ధమునందును అది పనిచేసెను. యుద్ధానంతరము స్టీఫెన్ గలాటి నాయకత్వమున ఆ సారథులు 1947లో పది దేశములనుండి 52 మంది విద్యార్థులను అమెరికాకు రప్పించిరి. పరదేశ విద్యార్థిని కుటుంబసభ్యునిగా ఒక విద్యాసంవత్సరము ఇంట నిలుపుకొను పద్ధతి క్రమముగా స్థిరపడెను.

బడి పాఠము నేర్పును. అలకలు తీర్చుకొనుట, పనిపాటలు పంచుకొనుట ఇంటనే అలవడును. గాయపడినవారిని మోసిన చేతులకు, గాయములే కలుగని మార్గమును వెదకవలెనని తోచుట సహజమని మేము తలంతుము.